కొరియన్ వెండి చెంచా: అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: గుండ్రంగా, లోతు తక్కువగా ఉండే చెంచా. పొడవాటి కాడ, దాని చివర ఎరుపు, నీలం మీనా పని. బరువు 62 గ్రాములు. వెండేనా, పూతా? నల్లబడిన చోట్ల ఎలా తోమాలి?

జవాబు 1: కాడ వెనక ముద్ర వెతకండి. కొరియన్‌లో వెండిని ‘ఉన్’ అంటారు. ఆ అక్షరం పక్కన 99, 80 లాంటి అంకె ఉంటే అది వెండి శాతం. ముద్ర ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎవరైనా కొట్టొచ్చు. కాటా మీద పొడవాటి నీళ్ల జాడీ పెట్టి సున్నా చేయండి. చెంచాను దారానికి కట్టి, అడుగు, అంచు తగలకుండా పూర్తిగా ముంచండి. 62 గ్రాముల వెండికి కాటా 6 దగ్గర చూపాలి. జర్మన్ సిల్వర్ (పేరే గానీ వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ మిశ్రమం) అయితే 7 దాటుతుంది, స్టీలుకి దాదాపు 8. మీనా లోహం కన్నా తేలిక కాబట్టి అంకె కాస్త పెరగొచ్చు. బుడగలు అంటుకున్నా తప్పు లెక్కే వస్తుంది.

జవాబు 2: ఆ మీనాని ‘చిల్బో’ అంటారు. మధ్యలో ‘సు’ (దీర్ఘాయువు), ‘బోక్’ (భాగ్యం) అక్షరాలు ఉంటాయేమో చూడండి. కాడ తిన్నగా ఉన్నంత మాత్రాన జోసన్ (కొరియా పాత రాజవంశం) కాలం నాటిదనుకోకండి, ఇప్పటివీ అలాగే ఉంటాయి.

జవాబు 3: నలుపు గంధకం వల్ల, గుడ్డు సొన తగిలినా వస్తుంది. వెండి విషాన్ని పట్టిస్తుందన్న నమ్మకానికీ మూలం ఇదే: పాషాణంలో (ఆర్సెనిక్ విషంలో) కలిసిన గంధకమే వెండిని నల్లబరిచేది, శుద్ధమైన పాషాణానికి రంగు మారదు. అల్యూమినియం రేకు, వంట సోడా, వేడినీళ్ల పద్ధతి మాత్రం దీనికి వద్దండి, వేడికి మీనా పగలొచ్చు. మెత్తని గుడ్డతో, మీనా తగలకుండా రుద్దండి చాలు.