‘అన్నము’, ‘నేటికి’: ప్రభువు ప్రార్థనలో రెండు మాటలు

ప్రశ్న: మేం ప్రొటెస్టెంట్లం. యేసు నేర్పిన ప్రభువు ప్రార్థనలో చిన్నప్పటి నుంచి “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని ప్రార్థించేవాళ్లం. మొన్న కథోలిక స్నేహితుల ఇంట్లో “నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి” అని విన్నాను. మూలంలో ఉన్నది రొట్టె కదా, తెలుగులో అన్నం ఎలా అయింది?

జవాబు: అవునండీ, గ్రీకులో ‘ఆర్తోస్’, అంటే రొట్టే. మత్తయి 4:4లో “మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు” అని మీ బైబిల్లోనూ రొట్టెగానే ఉంచారు. ఆరో అధ్యాయంలో ప్రార్థనకి వచ్చేసరికి అదే మాట ఆహారమైంది. నాలుగో అధ్యాయంలో, ఆకలితో ఉన్న యేసుని ఈ రాళ్లని రొట్టెలు చేయమని సాతాను శోధిస్తాడు కాబట్టి ఆ వస్తువే ఉండాలి. ఇక్కడ అడిగేది ఆకలి తీరడం. మా ఊళ్లో రొట్టె అంటే జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచుకు తినేది. మనం మనిషిని పలకరించేది కూడా ‘అన్నం తిన్నావా’ అనే కదా.

నాకు మాత్రం అన్నం కన్నా ‘నేటికి’ పెద్ద మాట. ‘అనుదినం’, ‘నానాటికి కావలసిన’ అని మనం చెప్పుకునే గ్రీకు మాట ‘ఎపియూసియోస్’. కొత్త నిబంధన మొత్తంలో మత్తయి, లూకా రాసిన ఈ ప్రార్థనలోనే కనిపిస్తుంది. ఈ రోజుకి సరిపడా అని కొందరు, రేపటిది అని కొందరు అర్థం చెప్తారు. బైబిల్ని లాటిన్‌లోకి అనువదించిన జెరోము దీనికి మత్తయిలో ఒక మాట, లూకాలో ఇంకో మాట పెట్టాడు.

మా అమ్మ కూలికి వెళ్లేది. సాయంత్రం ఆ డబ్బులతో కొట్లో బియ్యం కొని, కడిగి, ఎసట్లో పోసే ముందు ఈ ప్రార్థన చెప్పేది. ‘నేటికి’ దగ్గర కాస్త ఆగేది. ఆమెకి అది ‘ఈ పూటకి’. నిర్గమకాండంలో ఎడారిలో దేవుడు ఇశ్రాయేలీయులకి ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం, మన్నా కూడా అంతే, తెల్లారేదాకా దాచుకున్నది పురుగు పట్టింది.

ప్రశ్న: మరి ‘ఇవ్వండి’ అని గౌరవంగా అనడం? మేం ‘నీ నామము’ అంటాం.

జవాబు: మేం కథోలికులం ఆ ప్రార్థనలో తండ్రిని ‘మీరు’ అంటాం. ఇంట్లో నాన్ననీ అలాగే పిలిచేవాళ్లం కాబట్టి నాకెప్పుడూ దూరంగా అనిపించలేదు. మీ ‘నీ’లో ఉన్న చనువూ నాకిష్టమే.

ఆ తర్వాతి వాక్యం కూడా చూడండి: “మా యొద్ద అప్పుబడినవారిని మేము మన్నించునట్లు”. మీ బైబిల్లోనూ ‘ఋణస్థులు’ అనే ఉంది. బియ్యం కొట్లో ఖాతా ఉన్న ఇంట్లో అన్నం పక్కనే అప్పు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కింటావిడకి బదులిచ్చిన సోలెడు బియ్యం అమ్మ ఎప్పుడూ తిరిగి అడగలేదు. నేను గుర్తు చేస్తే, “రోజూ ఆ మాట అంటూ ఎలా అడగనురా” అనేది.