బరంపురంలో దించిన స్టీమ్ గేమ్స్ పెన్‌డ్రైవ్‌లో గుణుపురం తెచ్చుకుని ఆడటం ఎలా?

వంశధార గట్టు (గుణుపురం, రాయగడ జిల్లా)
బరంపురంలో అన్నయ్య రూమ్‌లో ఫైబర్ నెట్ ఉంది, ఇక్కడ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అక్కడ స్టీమ్‌లో (గేమ్స్ కొని దించుకునే యాప్) దించి 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుందామంటే, డ్రైవ్‌లో 90 జీబీ ఖాళీ ఉన్నా ఒక ఫైలు దగ్గర 'ఫైల్ టూ లార్జ్' అని కాపీ ఆగిపోతోంది. చిన్న గేమ్ ఒకటి వచ్చింది గాని, ఇక్కడ తెరిస్తే 'వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్' లేదంటోంది. అసలు పెన్‌డ్రైవ్ మీంచే ఆడొచ్చా, సీ డ్రైవ్‌లోకి మార్చాలా? పీసీలో విండోస్ 10, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. యూపీఎస్ లేదు.

కొరాపుట్ కాఫీ (జయపురం)
మీ డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) ఉంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి ఫార్మాట్ చేసేయండి, పని అయిపోతుంది.

గంజాం బెంచీ (బరంపురం)
ఫ్యాట్32 సంగతి నిజమే గాని, యూపీఎస్ లేని చోట ఎక్స్‌ఫ్యాట్ వద్దు బాబూ. దానికి జర్నల్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ల పట్టికే చెడిపోయి, కొన్నిసార్లు డ్రైవ్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. జర్నల్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మధ్యలో ఆగిన ఫైలు పోతుంది తప్ప మిగతావి సాధారణంగా నిలుస్తాయి. డ్రైవ్‌లో ఉన్నవి ముందు వేరేచోటికి తీసుకో. 'దిస్ పీసీ'లో దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ సైజు డిఫాల్ట్, క్విక్ ఫార్మాట్.

డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్, పాలసీస్‌లో 'క్విక్ రిమూవల్' ఉంటే అలాగే ఉంచు. 'బెటర్ పెర్ఫార్మెన్స్' పెడితే రాత వేగం పెరుగుతుంది గాని, డేటా కాసేపు ర్యామ్‌లోనే ఉంటుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే అంతే సంగతులు.

ఇక డీఎల్‌ఎల్ గొడవ. గేమ్ ఫోల్డర్ తెచ్చినంత మాత్రాన గేమ్ ఇన్‌స్టాల్ అయినట్టు కాదు. విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ (నీకు లేదన్న డీఎల్‌ఎల్ ఇందులోదే), పాత గేమ్స్‌కి డైరెక్ట్‌ఎక్స్ ఫైళ్లు విండోస్ లోపల కూర్చోవాలి, అవి ఏ పీసీకి ఆ పీసీలో వేయాల్సిందే. విండోస్ 64 బిట్ అయినా గేమ్ 32 బిట్ కావచ్చు, అందుకని ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేసుకో. నెట్ లేని చోటికి తెస్తున్నావు గనక స్టీమ్‌యాప్స్, కామన్ లోపలున్న 'స్టీమ్‌వర్క్స్ షేర్డ్' ఫోల్డర్ కూడా తెచ్చుకో. ఆ సెటప్‌లు చాలావరకు అందులోనే ఉంటాయి. కాలేజీ ల్యాబ్ పీసీలో మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఇవి ఎక్కవు.

ఫోల్డర్‌లోని ఎగ్జీ (గేమ్‌ని తెరిచే ఫైలు) నేరుగా నొక్కకు. బరంపురం పీసీలో స్టీమ్ సెట్టింగ్స్, స్టోరేజ్‌లో పెన్‌డ్రైవ్‌ని జోడించి, గేమ్‌ని 'మూవ్' చెయ్యి. డ్రైవ్‌లో 'స్టీమ్‌లైబ్రరీ' అనే ఫోల్డర్ తయారవుతుంది. గుణుపురంలో అదే అకౌంట్‌తో లాగిన్ అయి, అదే చోట డ్రైవ్‌ని జోడిస్తే గేమ్ ఇన్‌స్టాల్ అయినట్టే చూపిస్తుంది. చేత్తో కాపీ చేస్తే గేమ్ ఫోల్డర్‌తో పాటు స్టీమ్‌యాప్స్‌లోని దాని ఏసీఎఫ్ ఫైలు (ఆ గేమ్ ఇన్‌స్టాల్ వివరాలు ఉండేది) కూడా తేవాలి. అది లేకపోతే 'ఇన్‌స్టాల్' నొక్కి అదే డ్రైవ్ ఎంచుకో, ఉన్న ఫైళ్లను సరిచూసుకుని లోటున్నవే దించుతుంది. లాగిన్‌కి హాట్‌స్పాట్ సరిపోతుంది. అప్‌డేట్లు మాత్రం బరంపురంలోనే ముగించుకుని రా. 300 ఎంబీ అప్‌డేట్ అయినా స్టీమ్ ఒక్కోసారి పెద్ద ప్యాక్ ఫైలు మొత్తం తిరగరాస్తుంది, పెన్‌డ్రైవ్ మీద అది నడవదు, పాకుతుంది.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి)
పెన్‌డ్రైవ్ మీంచే ఆడొచ్చా అన్నదానికి నేను జెప్తా తమ్మీ. పాత గేమ్, 2డీ గేమ్ అయితే ఆడుకో. పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ అయితే వద్దు. డబ్బా మీద రాసిన వేగం పెద్ద ఫైలు వరుసగ చదివేటప్పటిది. గేమ్ చిన్న చిన్న ముక్కలు ఎక్కడెక్కడివో అడుగుతది, గక్కడ పెన్‌డ్రైవ్ చతికిలబడ్తది. రోడ్డు మీద పోతుంటే ముంగట బిల్డింగ్ ఉండదు, జర సేపటికి వస్తది. డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌ల 'ఆర్‌ఎన్‌డీ4కే' వరస (చిన్న ముక్కలు చదివే వేగం) చూడు, అసలు రంగు తెలుస్తది.

నీకు సీ డ్రైవ్‌ల ఎస్‌ఎస్‌డీ ఉన్నది గద, ఆడే ఒకటి రెండు గేమ్స్ గండ్లకు 'మూవ్' చేసుకో. 40 జీబీ గేమ్ యూఎస్‌బీ 2.0 పోర్టుల సెకనుకు 35 ఎంబీ చొప్పున ఇరవై నిమిషాలల్ల వస్తది. నీలం (యూఎస్‌బీ 3.0) పోర్టుల పెడితే ఇంకా తొందర. పెన్‌డ్రైవ్‌లకు రాసుడే కష్టం. మొదలు జోరుగుండి, కాష్ (లోపలున్న జోరు జాగ) నిండినంక 15 ఎంబీకి పడ్తది, అప్పుడు గదే 40 జీబీకి ముప్పావు గంట.

బయటి డ్రైవ్ మీదనే ఆడాలంటే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ 3.0 కేసు కొనుక్కో. కేసు మీద యూఏఎస్‌పీ (యూఎస్‌బీల డేటా తొందరగ పంపే పద్ధతి) అని ఉందా చూడు. సెకనుకు 400 ఎంబీ దాకా వస్తది. క్యాబినెట్ ముంగటి పోర్టుకు పోయే సన్న వైరు మీద కరెంటు తగ్గి డ్రైవ్ మధ్యల ఊడుతది, అందుకే ఎన్కభాగం పోర్టుకే పెట్టు. అయినా ఊడితే పవర్ ఆప్షన్స్‌ల 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' బంద్ చెయ్.

సంతల 2 టీబీ పెన్‌డ్రైవ్ చవకగ ఇస్తున్నరంటే నమ్మకు. డ్రైవ్ అసలు సైజు పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రామ్ పెట్టి నిండుగ రాయించి చూడు, దొంగదైతే దొరుకుతది. గని ఖాళీ డ్రైవ్ మీదనే పెట్టాలె.

వంశధార గట్టు
ఎన్‌టీఎఫ్‌ఎస్ చేశాక 6 జీబీ ఫైలు ఎక్కింది. ఇంకో ముక్క: అన్నయ్య దగ్గర ఆడిన సేవ్ కూడా డ్రైవ్‌తోనే వస్తుందా?

గంజాం బెంచీ
చాలా గేమ్స్‌లో రాదు. సేవ్‌లు సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్‌లోని 'మై గేమ్స్', 'సేవ్డ్ గేమ్స్', యాప్‌డేటా, వీటిలో ఎక్కడో ఉంటాయి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్, వ్యూ మెనూలో 'హిడెన్ ఐటమ్స్' టిక్ పెడితేనే కనపడుతుంది. గేమ్‌కి స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లు నెట్‌లో దాచేది) ఉంటే ఏ గోలా లేదు, అక్కడ గేమ్ మూసి సింక్ పూర్తయ్యేదాకా ఆగి పీసీ ఆపు. క్లౌడ్ లేకపోతే ఆ ఫోల్డర్ కాపీ చేసి ఇక్కడ అదే చోట పెట్టు, పాతదాని మీద రాసేముందు దాని పేరు మార్చి పక్కన ఉంచు. డ్రైవ్ అక్షరం కూడా రెండు పీసీల్లోనూ ఒకటే పెట్టుకో, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మార్చుకోవచ్చు. ఒకచోట ఈ, ఇంకోచోట ఎఫ్ అయితే డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు, మాడ్ (గేమ్‌కి బయటివాళ్లు చేసిన మార్పులు) సెట్టింగులు దారి తప్పుతాయి.