పాత కేసెట్లు, పాటల పుస్తకాలు డిజిటైజ్ చేయడానికి ఫండింగ్ ఎలా అండి?

నమస్తే అండి, మాది రాజోలు దగ్గర పల్లె. మా పేటలో పెద్దోళ్ళు పాడిన నాట్ల పాటలు, బుర్రకథలు ఎప్పుడో టేప్‌రికార్డర్‌లో పట్టిన కేసెట్లు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, చేత్తో రాసుకున్న పాటల పుస్తకాలు కూడా. ఈ ఉప్పుగాలికి టేపుల మీద తెల్లగా బూజు పట్టేసింది, పుస్తకాల్లో సిరా పక్క పేజీకి దిగిపోయింది, పాడినోళ్ళలో చాలామంది లేరు, మా జనం సంగతులు ఇంకెక్కడా రాసి లేవండి.

బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ 2004 నుంచి ఇలాంటివాటికి గ్రాంట్లు ఇస్తోంది, ఒరిజినల్స్ దేశం దాటక్కర్లేదు, అది నాకు బాగా నచ్చింది. కేసెట్లకైతే అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ మోడర్న్ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ సరిపోతుందేమో, అది 20వ శతాబ్దం నుంచి ఉన్నవాటికే. కానీ గ్రాంటు సంస్థ పేరు మీదే ఇస్తారు, ఫారిన్ డబ్బంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) గొడవ ఒకటి, మాకు సంఘం రిజిస్ట్రేషనే లేదు. కాకినాడ, రాజమండ్రి వైపు కాలేజీగానీ యూనివర్సిటీగానీ మాతో కలిసి అప్లై చేస్తుందా, ఎవర్ని కలవాలి? ఈలోగా బూజు పట్టిన టేపు ప్లే చెయ్యొచ్చా, తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.