ఫ్రెంచి ‘అమాఁ’ను తెలుగులో ఏమనాలి?

17వ శతాబ్దపు ఫ్రెంచి నాటకం ఒకటి తెలుగు చేస్తూ ‘అమాఁ’ అనే మాట దగ్గర ఆగిపోయాను. దీనికి మూలమైన లాటిన్‌లో ‘అమారే’ అంటే ప్రేమించడం, ‘అమాన్స్’ అంటే ప్రేమించేవాడు, అంతే. ఆ శతాబ్దపు నాటకకర్త మొలియేర్ కాలంలో కూడా ఆ మాటకు మచ్చలేదు. మనసు విప్పి చెప్పుకున్న పెళ్లికాని కుర్రవాడూ అమాఁయే. నేటి ఫ్రెంచిలో మాత్రం ఎక్కువగా వివాహేతర సంబంధమే స్ఫురిస్తుంది. వివాహేతర సంబంధంలో ఉన్నవారిని అనే ఇంగ్లీషు మాట ‘పారమూర్’దీ అదే కథ: పాత ఫ్రెంచి ‘పార్ అమూర్’కు అర్థం ‘ప్రేమతో’ అని!

మన ‘ప్రియుడు’ కూడా పేపర్లలో నేరవార్తల మాటైపోయింది, నాకు రాయబుద్ధి కావడం లేదు. ‘చెలికాడు’ అంటే స్నేహితుడనుకుంటారు. ‘ప్రేమికుడు’ మరీ నేటి మాటలా ఉంది. పాత కావ్యాలు చదివినవారు తగిన మాట చెప్పగలరా? ఫ్రెంచిలో ఈ అర్థం ఎప్పుడు, ఎందుకు మారిందో తెలిసినవారు కూడా దయచేసి రాయండి.