ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్)తో పాటు కీళ్లవాతం: రెండింటికీ ఒకే మందా, వేర్వేరుగానా?

కావలి అక్క:
మా చెల్లికి రుమటాయిడ్ కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి జడ కూడా అల్లుకోలేదు. మెథోట్రెక్సేట్ అనే మందు చాలక నిరుడు అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. తొమ్మిది నెలలకు కుడికన్ను మసకబారింది, ఆ తర్వాత నడుము కింద తిమ్మిర్లు, ఎంఆర్‌ఐ తీసి ఎంఎస్ అన్నారు, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బట. చెన్నైలో నరాల డాక్టరు రిటుక్సిమాబ్ ఎక్కిస్తే రెంటికీ పనిచేస్తుందంటున్నారు. నెల్లూరులో చూపిస్తే ఎంఎస్‌కు ఇంటర్‌ఫెరాన్, కీళ్లకు వేరే మందు చాలన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు అన్న:
నేనైతే వేర్వేరుగానే అంటాను. రిటుక్సిమాబ్ రోగాలతో పోరాడే బి కణాలను (ఒక రకం తెల్లరక్తకణాలు) నెలల తరబడి లేకుండా చేస్తుంది. లోపల హెపటైటిస్ బి దాగి ఉంటే తిరగబెట్టొచ్చు, టీకాలు సరిగా పట్టవు. ఇంటర్‌ఫెరాన్ 1993 నుంచి వాడుతున్న మందు. పైగా ఒకటి పడకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

కనిగిరి నుంచి:
అన్నా, హెపటైటిస్ పరీక్ష సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, అది చేయకుండా ఎక్కించకూడదు. ఇంటర్‌ఫెరాన్ దగ్గరే నేను ఒప్పుకోను. మా ఆవిడకు ఎంఎస్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, ఇంటర్‌ఫెరాన్ మొదలుపెట్టాక థైరాయిడ్ రిపోర్టు తలకిందులైంది. ఆ మందు రోగనిరోధక శక్తిని ఒకవైపు అణచినా ఇంకోవైపు రెచ్చగొడుతుంది, కొందరిలో థైరాయిడ్, సోరియాసిస్, కీళ్లు కూడా ముదురుతాయి.

అక్కా, అసలు భయం అడాలిముమాబ్‌తో. అది ఒంట్లో వాపు పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు, కీళ్లకు బాగా పనిచేస్తుంది కానీ నరాల పైపొర దెబ్బతినడానికి కారణం కావచ్చు. అదే జాతి మందు లెనెర్సెప్ట్‌ను ఎంఎస్ వాళ్లకిచ్చి చూస్తే ఆ జబ్బు అటాక్‌లు పెరిగాయని 1999లోనే తేలింది. వేర్వేరుగా అనుకుంటే వచ్చే చిక్కే ఇది, కీళ్ల డాక్టరు రాసింది నరాల డాక్టరుకు తెలియదు.

అలాగని ఒకే మందు అందరికీ కుదరదు. రిటుక్సిమాబ్‌కు 2006 నుంచి కీళ్లవాతంలో అనుమతి ఉంది, 2023లో డబ్ల్యూహెచ్‌ఓ ఎంఎస్‌కూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, కాబట్టి మీ చెల్లికి నప్పేలా ఉంది. ఆమెకున్నది సోరియాసిస్ అయితే నేను డైమిథైల్ ఫ్యూమరేట్ గురించి అడగమనేవాణ్ణి, పేగుపూత (అల్సరేటివ్ కొలైటిస్) అయితే ఒజానిమోడ్ గురించి, అవి ఎంఎస్‌కూ ఆయా జబ్బులకూ పనిచేస్తాయి, పైగా ఆ రెండు జబ్బులూ కొందరిలో రిటుక్సిమాబ్‌తోనే బయటపడ్డాయి. కీళ్లకు వాడే లెఫ్లునోమైడ్ ఒంట్లో మారితే వచ్చేదే ఎంఎస్‌కు వాడే టెరిఫ్లునోమైడ్, కానీ పిల్లల్ని కనాలనుకుంటే అది వద్దే వద్దు.

ఆక్వాపొరిన్-4 రక్తపరీక్ష చేశారా? ఎన్ఎంఓ అనే జబ్బు ఎంఎస్‌లాగే కంటి మసకతో మొదలవుతుంది, ఇంటర్‌ఫెరాన్ దాన్ని ఇంకా ముదిరిస్తుంది. దాన్ని పట్టడానికే ఈ పరీక్ష.

ఒంగోలు అన్న:
ఇంటర్‌ఫెరాన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఏళ్ల తరబడి రిటుక్సిమాబ్ ఎక్కిస్తూ పోతే ఐజీజీ (రక్తంలో ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు) పడిపోయి ఇన్ఫెక్షన్లు రావొచ్చు, ప్రతి డోసుకు ముందు అది చూడమని డాక్టర్ని అడగండక్కా.

కావలి అక్క:
ఆ రక్తపరీక్ష చేసినట్టు ఫైల్లో లేదు. అడాలిముమాబ్ ఆపమని చెన్నైలో చెప్పారు, కీళ్ల డాక్టరుకు ఆ మాట మేమింకా చేరవేయలేదు. శుక్రవారం వేయాల్సిన ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కనే ఉంది. వేయించం. రేపు కీళ్ల డాక్టరుకు ఫోన్ చేస్తాను, సోమవారం పినాకిని రైలుకు రెండు ఫైళ్లూ పట్టుకొని చెన్నై వెళ్తున్నాం.