ఫైల్ అక్కడే ఉంటే లాగ్‌లో 'నాట్ ఫౌండ్' అని రాయడం ఏంటండీ?

సెగ్‌ఫాల్ట్ సుబ్బడు:
మా ప్రాజెక్టులో సీ భాషలో రాసిన పాత డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) ఒకటుంది. కాన్ఫిగ్ ఫైల్ ఏ కారణంతో ఓపెన్ కాకపోయినా లాగ్‌లో పడేది ఒకటే లైను, 'కాన్ఫిగ్ ఫైల్ నాట్ ఫౌండ్'. మొన్న ఒక కస్టమర్ దీన్ని నమ్మి ఫైల్ మళ్లీ కాపీ చేసి, ప్యాకేజీ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, సాయంత్రానికి మా మీద పడ్డాడు. తీరా చూస్తే ఫైల్ ఉంది, డీమన్ నడిచే యూజర్‌కి దాన్ని చదివే పర్మిషనే లేదు. మెసేజ్ మారుద్దామంటే మా లీడ్ 'లాగ్ చిన్నగా ఉండాలి' అంటున్నాడు. అసలు ఎంత రాయాలి?

పాత ప్రింట్‌ఎఫ్:
ప్రోగ్రామ్‌కి తెలిసిందల్లా ఓపెన్ ఫెయిలైందని, ఎర్‌నోలో (ఎర్రర్ నంబర్ ఉండే చోటు) ఏముందని. ఫైల్ లేదన్నది రాసినవాడి ఊహ. ఏ కాల్ (కెర్నల్‌ని అడిగిన పని), ఏ పాత్, స్ట్రెర్రర్ (ఆ నంబర్‌ని మాటల్లో చెప్పే ఫంక్షన్) ఏమంది, ఇవి రాయండి చాలు. పాత్ పూర్తిగా ఉండాలి, ఎందుకంటే డీమన్లు మామూలుగా రూట్ డైరెక్టరీకి మారిపోయి నడుస్తాయి, అక్కడ రిలేటివ్ పాత్ చూసి ఎవడికీ ఏమీ అర్థం కాదు. ఎర్‌నోని వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. లాగ్ రాసేలోపు క్లోజ్ లాంటిదేదైనా ఫెయిలైతే దాని ఎర్రర్ వచ్చి మీ లైన్లో కూర్చుంటుంది, అది ఇంకా ఘోరం.

బూట్‌లూప్ బాబాయ్:
కాల్ పేరు మాత్రం వదలొద్దు. లినక్స్‌లో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' వస్తే డిస్క్ నిండిందనుకుంటాం, ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే సగం ఖాళీ. ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలకి ఫైల్‌సిస్టమ్ ఉంచే రికార్డులు) అయిపోయినా అదే ఎర్రర్. ఐనోటిఫై (ఫైళ్లలో మార్పుల్ని గమనించే సదుపాయం) వాచ్‌ల పరిమితి దాటినా అదే, డిస్క్‌కి దాంతో సంబంధమే లేదు. కాల్ పేరు లాగ్‌లో ఉంటే పరిమితి పెంచుకుని పోతాం, లేకపోతే ప్రోగ్రామ్ చేసే కాల్స్ చూపే ఎస్‌ట్రేస్ పట్టుకుని కూర్చోవాలి.

డ్రైవర్ గారు:
లాగ్ లెవెల్ (ఎర్రర్, డీబగ్ లాంటి తీవ్రత గుర్తు) కూడా నిజం చెప్పాలండీ. కెర్నల్‌లో ఒక డ్రైవర్‌కి కావాల్సిన క్లాక్ ఇంకా రెడీ కాకపోతే దాని ప్రోబ్ (డివైస్‌ని సిద్ధం చేసే ఫంక్షన్) -517 ('తర్వాత చూద్దాం' అనే కోడ్) ఇస్తుంది, కెర్నల్ తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది, అది ఫెయిల్యూర్ కాదు. అయినా చాలా డ్రైవర్లు దాన్ని ఎర్రర్‌గా ప్రింట్ చేసేవి, బోర్డు బాగానే బూట్ అయినా డీమెసేజ్ (కెర్నల్ లాగ్) నిండా ఎర్రర్లే. 2020లో కెర్నల్ 5.9లో వచ్చిన డెవ్ ఎర్ ప్రోబ్ అనే ఫంక్షన్ ఆ కోడ్‌ని డీబగ్ లెవెల్‌కి దించుతుంది, మామూలు ఫెయిల్యూర్లని ఎర్రర్‌గానే ఉంచుతుంది.

సెగ్‌ఫాల్ట్ సుబ్బడు:
థాంక్స్ అందరికీ. పాత్, కాల్, కారణం పెట్టి ప్యాచ్ పంపా. టెస్ట్ మెషీన్లో ఇప్పుడు 'పర్మిషన్ డినైడ్' వస్తోంది, కానీ ఫైల్ మోడ్ 644 (అందరూ చదవొచ్చు) ఉంది, ఇదేంటి మళ్లీ?

బూట్‌లూప్ బాబాయ్:
పై డైరెక్టరీల్లో ఏదో ఒకదానికి ఎక్స్ బిట్ (లోపలికి వెళ్లే అనుమతి) లేదేమో. ఆ పాత్ మీద నేమీ కమాండ్‌ని హైఫన్ ఎల్‌తో కొట్టి చూడు, వరసగా ఒక్కో డైరెక్టరీ పర్మిషన్లు అన్నీ చూపిస్తుంది.