బ్రే వయట్‌కి మిద్దె మీద పది గంట దెబ్బలు: ఎట్టా చేస్తే పద్ధతిగా ఉంటది?

మాగుంట_లేఅవుట్ (ప్రశ్న)

శుక్రవారం తెల్లారి ఫోన్ తెరిస్తే డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ బ్రే వయట్ లేడని వార్త. 36 ఏళ్లు. పాతతరం రెజ్లర్ టెర్రీ ఫంక్ పొయ్యాడని దానికి ముందురోజే తెలిసింది, ఆయనకి 79, నిండుగా బతికిన మనిషి. బ్రే సంగతే మింగుడు పడటం లేదు. ఈరోజు పొద్దున డబ్ల్యూడబ్ల్యూఈ వారం వారం షో స్మాక్‌డౌన్ మొదట్లో ఇద్దరికీ కలిపి నివాళిగా గంట పదిసార్లు కొట్టారు, చూసే ఉంటారు.

నెల్లూరులో ఓ పాతికమందిమి వచ్చే ఆదివారం, 2023 సెప్టెంబర్ 3 సాయంత్రం, ఒకరి ఇంటి మిద్దె మీద కలుద్దాం అనుకుంటున్నాం. బ్రే రింగులోకి పట్టుకొచ్చే లాంటి లాంతరు, పది గంట దెబ్బలు, ఫోన్ లైట్లు, ఒక బ్యానర్, ఆ తర్వాత ప్రొజెక్టర్ మీద రెండు మూడు మ్యాచ్‌లు. గంట ఏది వాడాలి, దెబ్బకీ దెబ్బకీ ఎంత గ్యాప్ ఇవ్వాలి? నిజం లాంతరు పెట్టొచ్చా? బ్యానర్ మీద ఏం రాయాలి? ఏ మ్యాచ్‌లు వేయాలి? చేసినోళ్లు, తెలిసినోళ్లు వివరంగా చెప్పండన్నా. నవ్వులపాలు కాకుండా జరిగితే చాలు.

మూలాపేట_మైక్‌సెట్

గంట సంగతి నేను చెప్తా, మిగతావి వేరేవాళ్లు అందుకోండి.

ఈ పది గంటలు బాక్సింగ్ నుంచి వచ్చిన ఆనవాయితీ. కిందపడ్డవాడికి రెఫరీ పది దాకా లెక్కపెడతాడే, ఆ లెక్కే ఇది. అందుకని తొమ్మిది కొట్టినా తప్పే, పదకొండు కొట్టినా తప్పే. కొట్టేవాడు లెక్కపెట్టకూడదు. పక్కన ఇంకొకరు నిలబడి వేళ్లు మడుస్తూ చూపించాలి, కొట్టేవాడి చూపు ఆ చేతి మీదే ఉండాలి. ఒక్కడే రెండు పనులూ చేస్తే ఆరు, ఏడు దగ్గర తడబడటం ఖాయం, ఎందుకంటే అప్పటికి కళ్లు చెమరుస్తాయి.

గుడి గంట, పూజ గంట వద్దు. లోపల నాలుక ఉంటది కాబట్టి ఒక్కసారి ఊపితే రెండుసార్లు మోగుద్ది, లెక్క పోద్ది. మీకు కావాల్సింది స్కూల్లో వాడే బిళ్ళ గంట. పది, పన్నెండు అంగుళాల ఇత్తడి బిళ్ళ దొరికితే రింగు పక్కన మోగే గంటకి దగ్గరగా ఉంటది. అది దొరక్కపోతే పాత స్కూళ్లలో వేలాడదీసే రైలు పట్టా ముక్క కూడా పర్లేదు, మోత ఇంకాస్త పదునుగా వస్తది, అంతే. ఏదైనా సరే చేత్తో పట్టుకోకూడదు, పట్టుకుంటే మోత అక్కడికక్కడే చచ్చిపోద్ది. తాడుతో వేలాడదీయండి, గోడకి తగలకుండా జానెడు ఎడం ఉండాలి. కొయ్య సుత్తితో కొట్టండి. ఇనప సుత్తితో కొడితే ఠంగుమని చెవిలో పొడుస్తది. బిళ్ళని నడిమధ్యన కొట్టొద్దు, అంచుకి నాలుగు వేళ్లు లోపల కొడితే మోత సాగుద్ది.

దెబ్బకీ దెబ్బకీ మధ్య ఐదు సెకన్లు. పదికీ కలిపి ముప్పావు నిమిషం, చివరి మోత ఆగేదాకా ఇంకో పది సెకన్లు. నిమిషం లోపు అయిపోద్ది. హడావుడిగా రెండు సెకన్లకొకటి కొడితే స్కూలు వదిలినట్టే ఉంటది. పదో గంట పూర్తిగా ఆగినాకే చప్పట్లు అని ముందే అందరికీ చెప్పండి. చెప్పకపోతే ఐదో గంటకే ఎవడో ఒకడు "థాంక్యూ బ్రే" అని మొదలెడతాడు.

యూట్యూబ్‌లో ఆడియో తీసి బ్లూటూత్ స్పీకర్‌లో పెడదాం అనే ఆలోచన ఉంటే మానుకోండి. చాలా స్పీకర్లు నిశ్శబ్దంలో నిద్రపోయి, శబ్దం రాగానే లేస్తాయి. ఆ లేచేలోపు దెబ్బ మొదలు తెగిపోద్ది. మధ్యలో ఫోన్ వస్తే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. గంట మోగేసరికి పీచుమిఠాయి వచ్చిందని వీధిలో పిల్లలు మెట్లెక్కేస్తారు. కింద గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి.

కనకమహల్_సెంటర్

బ్యానర్ ఆరు అడుగులు ఇంటూ నాలుగు చాలు, మిద్దె మీద అంతకంటే పెద్దది గాలికి ఆగదు. డిజైన్ 5184 ఇంటూ 3456 పిక్సెల్స్‌లో చేయించండి, అంటే అంగుళానికి 72. వాట్సాప్‌లో ఫొటోని మామూలు క్వాలిటీలో ఫొటోగా పంపితే 1600 పిక్సెల్స్ దగ్గరికి కుదించేస్తది. ఆరడుగులకి సాగదీస్తే అంగుళానికి 22 మాత్రమే మిగులుద్ది, గడ్డం మొత్తం గళ్లుగళ్లుగా వస్తది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

తెలుగు అక్షరాలు మీరు ఫోన్లో కొట్టినవి ఎట్టున్నా షాపులో మళ్లీ అను ఫాంట్లలో టైప్ చేస్తారు. తప్పులు అక్కడే దొర్లుతాయి. ప్రింట్‌కి ముందు ప్రూఫ్ తెప్పించుకుని అక్షరం అక్షరం చూడండి. రాయాల్సింది ఇంతే:

బ్రే వయట్
(విండ్‌హామ్ లారెన్స్ రొటుండా)
23 మే 1987 – 24 ఆగస్టు 2023

మనకి వార్త 25న తెలిసింది గానీ అమెరికాలో చనిపోయింది 24. శ్రద్ధాంజలి పోస్టులు సగం 25 అనే తిరుగుతున్నాయి, వాటిని చూసి ఎత్తి రాయొద్దు. "మూడుసార్లు డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్" అని కూడా వేస్తున్నారు, అదీ తప్పే. డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ ఒకసారి, అదే కంపెనీలో వేరే పెద్ద టైటిల్ అయిన యూనివర్సల్ టైటిల్ రెండుసార్లు. మూడు పెద్ద టైటిళ్లు అంటే సరిపోద్ది.

ఫొటోకి ఫీండ్ (ఆయన వేసిన భయంకరమైన వేషం) మాస్క్ వద్దని నా మాట. మనకి ఇష్టమే. కానీ పక్కింటి ముసలమ్మ పొద్దున్నే బట్టలారేయడానికి మిద్దెక్కితే ఆ మొహం ఎదురుగా ఉండకూడదు గదా. పైగా నివాళి మనిషికి. టోపీ, లాంతరు పట్టుకున్న పాత ఫొటో, లేదా నవ్వుతున్నది పెట్టండి. టెర్రీ ఫంక్ పేరు కింద మూలన చిన్నగా ఇరికించొద్దు. వేస్తే సమానంగా వేయండి, లేకపోతే మైకులో చెప్పండి.

ఫ్లెక్స్ కంటే గుడ్డ బ్యానర్ మేలు, తర్వాత దాచుకోవచ్చు. సరుగుడు కర్రల ఫ్రేమ్‌కి రెండేసి అడుగులకొక ఐలెట్ (లోహపు రింగు బొక్క) వేసి కట్టండి. ఫ్లెక్సే అయితే అక్షరాలు లేని చోట నాలుగైదు అర్ధచంద్రాకారపు కోతలు పెట్టండి, సాయంత్రం సముద్రగాలికి తెరచాపలా లాగకుండా ఉంటది. పిట్టగోడ లోపలి వైపే కట్టండి. వీధి స్తంభానికో, డివైడర్‌కో కడితే కార్పొరేషన్ వాళ్ల పర్మిషన్ కావాలి, కరెంటు తీగల గొడవ వేరే.

ఒంగోలు_కర్నూల్‌రోడ్డు

లాంతరు నిజందే పెట్టండి, కానీ జాగ్రత్తలు ఉన్నాయి.

కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం. దొరకలేదని పెట్రోల్ పోసే మహానుభావులు ఉంటారు, ఆ డబ్బా మిద్దె మీదికే రానీయకండి, పేలుద్ది. డీజిల్ పోస్తే పొగ, మసి. రెండు రోజుల ముందు కిరోసిన్ దొరికితే సరి, లేకపోతే పాత లాంతరులో పసుపుపచ్చ వెలుగు ఎల్‌ఈడీ బల్బు పెట్టి కథ ముగించండి, దూరానికి తేడా తెలీదు.

నిజంగా వెలిగిస్తే ట్యాంకు ముప్పాతిక వరకే నింపండి. వత్తి అంచు కత్తెరతో తిన్నగా కత్తిరించాలి, వంకరగా ఉంటే ఒక పక్క మంట లేచి గ్లాసు నల్లబడుద్ది. వెలిగించగానే వత్తి పెంచొద్దు, రెండు నిమిషాలు చిన్నగా మండనిచ్చి గ్లాసు వేడెక్కినాక పెంచండి. ఒక్కసారిగా పెంచితే చల్లటి గ్లాసు చిట్లుద్ది.

ఆర్పడం అసలు ముఖ్యం. టీవీలో ఆయన ఊదగానే అరీనా మొత్తం చీకటైపోయేది గదా, అదే చేయాలని మీకు ఉంటది. హరికేన్ లాంతరు పైనుంచి ఊదితే ఆరదు, వేడి గాలి మొహానికి కొడుద్ది. పక్కనున్న మీట నొక్కితే గ్లాసు పైకి లేస్తది, ఆ సందులోంచి ఊదాలి. ముందు వత్తి తగ్గించి పెట్టుకుంటే ఒక్క ఊపిరికే ఆరుద్ది. దగ్గర్లో ఇసక బకెట్ ఒకటి.

వరస ఇట్టా పెట్టుకోండి: మిద్దె లైట్లు ఆర్పాలి, లాంతరు ఒక్కటే వెలగాలి, పది గంట దెబ్బలు, లాంతరు ఊదాలి, మూడు సెకన్లు చీకటి, అప్పుడు ఫోన్ లైట్లు. గంటల మధ్యలో ఫోన్ లైట్లు వేస్తే అందరూ వీడియోల్లో పడిపోతారు. బ్యాటరీ బాగా తగ్గితే టార్చ్ వెలగని ఫోన్లు ఉన్నాయి, ముందే ఛార్జి చూసుకోమనండి. చీకట్లో పాతికమంది అంటే పిట్టగోడ ఎత్తు చూసుకోవాలి. నడుము కంటే తక్కువుంటే మూడడుగుల ఇవతలే ఒక తాడు కట్టండి. ప్రొజెక్టర్ వైర్లు నేలకి టేపుతో అంటించండి.

టైమింగ్ మీకు కలిసొచ్చింది. ఆరుంబావు దాటగానే పొద్దుగూకుద్ది, ఏడింటికి చిక్కటి చీకటి. ఆగస్టు 31న పౌర్ణమి, 3వ తేదీకి చంద్రుడు ఎనిమిదిన్నర దాటితేగాని పైకి రాడు. ఏడుంబావుకి మొదలెట్టండి. వాన ముసురుకుంటే ప్రొజెక్టర్‌ని మెట్ల గదిలోకి తోసేసేటట్టు ముందే చోటు చూసుకోండి, ఈ నెలల్లో సాయంత్రం జల్లు చెప్పి రాదు.

కావలి_ట్రంక్‌రోడ్డు

మ్యాచ్‌లు గంట దాటొద్దు, దాటితే జనం జారుకుంటారు.

కింద చెప్పే రాయల్ రంబుల్ లాంటివన్నీ డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద షోల పేర్లు. మొదటిది 2014 రాయల్ రంబుల్, డేనియల్ బ్రయన్‌తో. ఇరవై నిమిషాల పైన. బ్రేకి గిమ్మిక్కే (వేషమే) గానీ కుస్తీ రాదు అనేవాళ్లని దగ్గర కూర్చోబెట్టి చూపించండి. ఆ ఒళ్లుతో ఆ వేగం చూడండి, బారికేడ్ దగ్గర వేసిన సిస్టర్ అబిగైల్ (ఆయన ఫినిషింగ్ పట్టు) చూడండి. రెండోది అదే ఏడు ఫిబ్రవరి 23, ఎలిమినేషన్ ఛాంబర్, బ్రే ముగ్గురు సభ్యుల జట్టు వయట్ ఫ్యామిలీకీ, ఇంకో ముగ్గురి జట్టు షీల్డ్‌కీ. మొత్తం వేయలేకపోతే మొదటి ఐదు నిమిషాలు వేయండి. ఆరుగురూ ఎదురెదురుగా నిలబడతారు, ఎవరూ ఎవర్నీ ముట్టుకోకముందే జనం ఊగిపోతారు. అందులో బ్రే పక్కన ఉన్న జట్టు మనిషి లూక్ హార్పర్ కూడా 2020 డిసెంబర్ 26న 41 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో పొయ్యాడు. ఇప్పుడది చూడటం కష్టంగానే ఉంటది.

2017 ఎలిమినేషన్ ఛాంబర్‌లో చివరి భాగం చాలు, జాన్ సీనాని, ఆ తర్వాత ఏజే స్టైల్స్‌ని పడగొట్టి టైటిల్ పట్టుకునేది. ముగింపుకి 2022 అక్టోబర్ 8, ఎక్స్‌ట్రీమ్ రూల్స్, ఫిలడెల్ఫియాలో తిరిగొచ్చింది. తలుపు, లాంతరు, మాస్క్ తీయడం. అది అయిపోగానే ప్రొజెక్టర్ ఆపేయండి, ఆటోప్లేలో ఇంకేదో మొదలవకుండా.

2019 సమ్మర్‌స్లామ్‌లో ఫిన్ బాలర్‌తో ఫీండ్ మొదటి మ్యాచ్ వేయాలా వద్దా అంటే, పిల్లలు లేకపోతేనే. అందులో పట్టుకొచ్చే లాంతరు నరికిన ఆయన తలలాగే చేసుంటారు. నివాళి సభలో అది నాకు సరిపడదు, మీ ఇష్టం.

సొంత అకౌంట్‌లో ఇంట్లో నలుగురికి చూపించడం వేరు, వీధి జనానికి తెర కట్టి చూపించడం వేరు. రెండోదానికి హక్కులు ఉండవు, మిద్దె దాటనీయకండి. రాత్రి పదికి సౌండ్ బంద్.

పొదలకూరు_రోడ్డు

ఇదంతా స్టెరాయిడ్ల పుణ్యమే, ఇంకో రెజ్లర్ ఎడ్డీ గెరెరో లాగానే. ఆ మాట కూడా మైకులో చెప్పండి, జిమ్ కుర్రోళ్లకి బుద్ధొస్తది.

ఒంగోలు_కర్నూల్‌రోడ్డు

@పొదలకూరు_రోడ్డు, ఆ రెండూ ఒకే గాటన కట్టొద్దు సార్. ఎడ్డీ 2005 నవంబర్ 13న 38 ఏళ్లకి పోయింది గుండె రక్తనాళాలు పూడుకుపోయిన జబ్బుతో. ఆ తర్వాతే, 2006లో, గుండె పరీక్షలతో సహా డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు రెజ్లర్ల ఆరోగ్యానికి వెల్‌నెస్ ప్రోగ్రామ్ పెట్టారు. బ్రే విషయంలో కుటుంబం అనుమతితో బయటికొచ్చిన మాట వేరు: 2023 మొదట్లో కోవిడ్ వచ్చి, ఉన్న గుండె సమస్యని ముదిరేలా చేసింది, చివరికి గుండెపోటు. స్టెరాయిడ్ అనే ముక్క అందులో ఎక్కడా లేదు. లేని ముక్కని మైకులో చెప్తే అది నివాళి అవదు, చాడీ అవుద్ది.

జిమ్ కుర్రోళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది, అది ఇది. కోవిడో, గట్టి వైరల్ జ్వరమో తగ్గినాక ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే బరువుల జోలికి పోకుండా ఈసీజీ, ఎకో, డాక్టర్ రాస్తే ట్రోపోనిన్ రక్తపరీక్ష. గుండె కండరం వాచిందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు గట్టి వ్యాయామం ఆపమంటారు. ఎవరైనా కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి లేకపోతే 108కి ఒకరు ఫోన్, ఇంకొకరు ఛాతీ నడిమధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కుతూ ఉండాలి.

పొదలకూరు_రోడ్డు

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈసీజీ ముక్క మటుకు చెప్పండి.

మాగుంట_లేఅవుట్

అందరికీ దండాలు. బిళ్ళ గంట ఒక స్కూల్ నుంచి ఆదివారానికి ఇస్తామన్నారు. కానీ మిద్దె మీద కొక్కెం లేదు, స్లాబుకి డ్రిల్ వేయనీయరు. ఇంకొకటి, వయట్ కుటుంబానికి చందా అని గ్రూపులో ఒక లింకు తిరుగుతోంది, వేయొచ్చా?

మూలాపేట_మైక్‌సెట్

లింకు జోలికి పోవద్దు. మీ చందా గంట తాడుకీ బ్యానర్‌కీ వాడండి.

కొక్కెం అక్కర్లేదు. రెండు ఎ ఆకారపు నిచ్చెనలు నాలుగడుగుల ఎడంలో నిలబెట్టి, పై మెట్ల మీద అడ్డంగా గట్టి కర్ర వేసి కట్టండి. కర్ర దొర్లకుండా రెండు పక్కలా తాడు మెలేయాలి. బిళ్ళ బొక్కలో నైలాన్ తాడు వద్దు, జారుద్ది, నూలు తాడు రెండు పేటలుగా వేయండి. ఒక్క బొక్కే ఉంటే దెబ్బకి బిళ్ళ గిర్రున తిరుగుద్ది, రెండో దెబ్బ అంచుకి తగులుద్ది. కొట్టేవాడు ఐదు సెకన్ల గ్యాప్‌లో రెండు వేళ్లతో తాడుని, బిళ్ళని కాదు, పట్టుకుని తిప్పు ఆపాలి. శనివారం మధ్యాహ్నం ఒకసారి మెల్లగా మూడు దెబ్బలు కొట్టి చూసుకోండి.